గాలి ఎక్కువ

నాలుగోసారి వచ్చింది ఎదెల్మీరా.
పుంతా అరేనాస్‌లో జూన్ నెల,
తొమ్మిది దాటినా పొద్దు పొడవని రోజులు.
తొంభై ఎనిమిది నాటి కరోలా,
కుడి తలుపుది వేరే బండి రంగు.
"మళ్ళీ వెలిగింది" అంది,
తాళం నా చేతిలో పెట్టి.

చిన్న పసుపు దీపం.
ఇంజను బొమ్మ అంటారు గానీ
నాకెప్పుడూ అది
సొట్టపోయిన నీళ్ళ కెటిల్‌లా కనిపిస్తుంది.

స్కానర్ తగిలించాను.
పీ, సున్నా, ఒకటి, ఏడు, ఒకటి.
అదే అంకె. మూడుసార్లు చెరిపిన అంకె.
అర్థం: గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ.
గాలి ఎక్కువని చెప్పడానికి
ఈ ఊళ్ళో యంత్రం కావాలా?
వీధి మలుపుల్లో తాళ్ళు కడతారు ఇక్కడ,
మనుషులు పట్టుకుని నడవడానికి.

మొదటిసారి ఫిల్టరు మార్చాను.
రెండోసారి ఆక్సిజన్ సెన్సర్,
ఆమెకది వారం జీతం.
పాతది ఇంకా నా సొరుగులోనే ఉంది.
పారెయ్యబోతే చెయ్యి రాలేదు,
దాని తప్పేం లేదని
లోపలెక్కడో తెలుస్తూనే ఉంది కాబోలు.
మూడోసారి ఏమీ తోచక
చెరిపి పంపేశాను.
చెరపడం బాగుచెయ్యడం కాదని
మా మేస్త్రి రెంచీతో వేళ్ళ మీద కొట్టి నేర్పాడు.
అయినా చెరిపాను.

నా షెడ్డులో కట్టెల పొయ్యి ఉంది.
రాత్రంతా దాని పక్కనే ఉంచిన బండి
డాక్టరు గడప తొక్కగానే
జ్వరం తగ్గిన పిల్లాడిలా
ఎంత మంచిగా నడుస్తుందో!
ప్రతి గొట్టం మీదా స్ప్రే కొట్టాను,
ఇంజను గొంతు మారలేదు.

"అసలు ఎప్పుడు వెలుగుతుంది?"
నాలుగోసారికి అడిగాను.
"నాలుగున్నరకి డ్యూటీకి బయల్దేరితే,
సముద్రం పక్క రోడ్డు ఎక్కేలోపే.
మధ్యాహ్నం పోయిన రోజు వెలగదు.
మొదటిరోజే చెప్పాను కదా, యెర్కో."
చెప్పే ఉంటుంది.
నేనప్పుడు స్కానర్ మాట వింటున్నాను.

మర్నాడు నాలుగింటికి వాళ్ళ గుమ్మం ముందు,
మైనస్ ఆరు.
నా పొగ యంత్రం అంటే ఒక జామ్ డబ్బా,
కొంచెం బేబీ ఆయిల్, డీజిల్ బండి గ్లో ప్లగ్గు,
ఓ సైకిల్ పంపు.
పుట్టిన పొగను పుట్టినట్టే
గాలి ఎత్తుకుపోతోంది.
ఆమె లోపలికెళ్ళి
మంచం మీది ఉన్ని దుప్పటి లాక్కొచ్చి
బానెట్ మీంచి కప్పేసింది.
ఇద్దరం తలలు లోపల పెట్టాం,
జలుబుకి ఆవిరి పట్టేవాళ్ళలా.
టార్చి ఆమెది, పంపు నాది.
ఆస్పత్రి వంటింటి ఉల్లిపాయ వాసన
ఆమె కోటులోంచి.

"అదిగో."
ముందు ఆమే చూసింది.
గాలిగొట్టం అడుగున, మడతలో,
వెంట్రుకంత పొగ.
వేలితో తడిమితే గోరంత చీలిక.
చలికి రబ్బరు బిగుసుకుంటే నోరు తెరుస్తుంది,
నా పొయ్యి వెచ్చదనానికి మూసుకుంటుంది.
మూడు నెలలుగా దాన్ని వెచ్చగా పడుకోబెట్టి
నొప్పి ఎక్కడని అడుగుతున్నాను.

పాత బళ్ళ గుట్టలోంచి ఓ గొట్టం తీసి వేశాను.
సెన్సర్ డబ్బు లెక్కపెట్టి వెనక్కిచ్చాను.
వద్దంటుందేమో అనుకున్నాను.
ఆమె మళ్ళీ లెక్కపెట్టుకుంది.

పది రోజులకి షెడ్డు ముందు అదే కరోలా.
నా గుండెలో రాయి పడింది.
"దీపం వెలగట్లేదు" అంది.
"మంచిదేగా."
"బల్బు పోయిందేమో! నాకెలా తెలుస్తుంది?"

తాళం ఒక్క గడి తిప్పి చూపించాను.
ఇంజను లేవకముందు
అన్ని దీపాలూ ఒకేసారి వెలుగుతాయి,
నూనెది, బ్యాటరీది, బ్రేకుది, అదీ.
స్టార్ట్ చేశాక ఆరిపోతాయి.
నన్ను పక్కకి జరగమని
తనే కూర్చుని తిప్పింది.
ఆపింది. మళ్ళీ తిప్పింది.
షెడ్డు రేకులు దడదడలాడుతున్నాయి.
మూడోసారి ఆమె తాళం తిప్పినప్పుడు
నేనూ వంగి చూశాను.